వాన వాసనకే నోట్లో నీళ్ళూరాయి

మందు మానేసి 14 నెలలైంది, ఇంక గుర్తు కూడా రావట్లేదు అనుకుంటున్నా, నిన్న సాయంత్రం బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి కింద వానకి ఆగితే పక్కన బండి మీద పల్లీలు వేయిస్తున్న వాసన, తడిసిన రోడ్డు వాసన, అంతే, నోట్లో నీళ్ళూరిపోయి చేతులు వణికాయి. చుట్టుపక్కల ఒక్క బాటిల్ కూడా లేదు! మూడేళ్ళు ప్రతి శుక్రవారం ఈ వాసన తర్వాతే మొదటి పెగ్గు, బ్రెయిన్ ఆ రెండిటికీ ముడేసి దాచుకుంది.

డాక్టరమ్మ ఇదివరకే చెప్పింది, 1990ల్లో షుల్ట్జ్ అనే సైంటిస్టు కోతుల మీద చూశాడంట, మొదట్లో జ్యూస్ అందినప్పుడు మెదడులో డోపమైన్ (ఆశ పుట్టించే రసాయనం) వదిలే కణాలు స్పందించేవి, అలవాటయ్యాక జ్యూస్ కంటే ముందొచ్చే లైటు వెలగగానే స్పందించేవి. నాకు ఆ లైటు పల్లీల వాసన. మానేసినా పాత జ్ఞాపకం చెరిగిపోదంట, దాని మీద కొత్తది పేరుకుంటుంది అంతే, అందుకే పాత చోటికి వెళ్తే మళ్ళీ లేస్తుంది. ఇది తెలియక ఎంతమంది తమకి మనోబలం లేదని కుమిలిపోతున్నారో, తలుచుకుంటే బాధేస్తుంది.

అక్కకి ఫోన్ చేశా. "పెట్టెయ్యకు రా, లైన్లోనే ఉండు" అంది. వాన తగ్గేదాకా పిల్లల స్కూలు సంగతులు చెప్తూనే ఉంది.