రివాల్వర్‌కి సైలెన్సర్ బిగించే రచయితలు

అమెరికాలోని వయోమింగ్, మొంటానా లాంటి చోట్ల జరిగే క్రైమ్ నవలలంటే నాకు పిచ్చి. దాళ్వా కోతలైపోయి, భీమవరంలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయాక ఇంకేం చేస్తాం చెప్పండి. కథ బావుంటుంది, కొండలూ మంచూ బావుంటాయి, తీరా తుపాకీ దగ్గరికొచ్చేసరికి సగం నవలలు తుస్సుమంటాయి.

రివాల్వర్‌కి సైలెన్సర్ పెట్టేస్తారండీ! రివాల్వర్లో తూటాలుండే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సన్నటి సందుంటుంది. చివర ఏం బిగించినా మోత ఆ సందులోంచి తన్నుకొస్తుంది. ఆ సందు మూసుకుపోయేలా చేసిన పాత రష్యా రివాల్వర్ నాగాంట్ లాంటివి ఎక్కడో ఒకటి. ఇంకో ముచ్చట, హంతకుడు రివాల్వర్‌తో కాల్చి పారిపోయాక కిటికీ కింద డిటెక్టివ్‌కి ఖాళీ షెల్, అంటే పేలిన తూటా తొడుగు, దొరుకుతుంది. రివాల్వర్ ఖాళీలు బయటికి విసరదు, వాటిని మనమే తీసి పారెయ్యాలి. పారిపోయేవాడు ఆగి ఆ పని చేస్తాడా? మామూలు గ్లాక్ పిస్టల్‌కి, పొరపాటున పేలకుండా బొటనవేలితో జరిపే సేఫ్టీ మీటే ఉండదు, నవల్లో మాత్రం టక్కుమని జరుపుతారు.

మా వీధి చివరి బ్యాంకులో గార్డుగారు మిలిటరీలో చేసి వచ్చినాయన, చేతిలో ఎప్పుడూ పన్నెండు బోరు తుపాకీ. ఒక సీను చదివి వినిపిస్తే, "ఆయ్, అద్దాలేసిన కార్లో అన్నిసార్లు పేల్చినోడికి చెవులు గింగురుమంటాయండి, ఆడు ఆ ఎంటనే ఫోన్లో గుసగుసలేంటండి బాబూ" అన్నారు. వానల్లో వేసే సార్వా నాట్లు సంక్రాంతికి వేశారని ఎవరైనా రాస్తే మనకెలా ఉంటుందో ఆయనకీ అలాగే ఉంది.

అలాగని తుపాకీ కంపెనీ, మోడల్, నంబరు అరపేజీ రాస్తే తెలిసినట్టు కాదు, అది కేటలాగు. తెలిసినవాడు దాన్ని కథకి వాడతాడు. వేట రైఫిల్ తూటా శబ్దం కంటే రెండింతల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. అందుకని దూరం నుంచి కాలిస్తే ముందు తూటా గాలిని చీల్చిన 'ఠప్' వినబడుతుంది, తుపాకీ మోత తర్వాత వస్తుంది. రెంటికీ మధ్య అర సెకను తేడా ఉంటే కాల్చినవాడు సుమారు 300 మీటర్ల దూరంలో ఉన్నట్టు. చాటున నక్కిన డిప్యూటీ షెరీఫ్ మనసులో ఆ లెక్క వేసుకుంటుంటే, చదివే నాకు టెన్షన్ రాదూ!

నాకైతే 1894 మోడల్ వించెస్టర్ మీద ఒక కథ కావాలి. లీవర్ లాగి పేల్చే ఆ రైఫిల్లో తూటాలు అసలు గొట్టం కిందుండే ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా కూర్చుంటాయి. మొన కూసుగా ఉంటే ముందున్న తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌కి గుచ్చుకుని గొట్టంలోనే పేలే ప్రమాదం, అందుకే మామూలుగా దానికి మొద్దు మొన తూటాలే వాడతారు. శవంలో దొరికింది కూసు మొన తూటా, ఊరంతా అనుమానిస్తున్న ముసలాయన దగ్గరున్నది ఆ వించెస్టర్ ఒక్కటే. ఎవరైనా రాయండి బాబూ.