రాత్రి మూడింటి అలారం

మా పాపకి టైప్ 1 షుగర్ అని తేలినప్పుడు దానికి ఆరేళ్లు. నర్సమ్మ ఇన్సులిన్ పెన్ను చేతికిచ్చి "మీరే వెయ్యండమ్మా" అంటే నా చెయ్యి ఎంత వణికిందో ఇప్పటికీ గుర్తే, మా ఆయనైతే గదిలోంచి బయటికే వెళ్లిపోయారు.

మొదట్లో రోజూ రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని లేచి వేలు గుచ్చి షుగర్ ఎంతుందో చూసేదాన్ని. ఓసారి 58 వచ్చింది. 70 కంటే తగ్గితే పాప బరువుకి తగ్గ గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడమన్నారు, కానీ ఆ పదిహేను నిమిషాలు ఏ తల్లి ఆగగలదు చెప్పండి? టెన్షన్‌లో గ్లూకోజు మీద జ్యూసు, దాని మీద బిస్కెట్లు పెట్టేశాను, తెల్లారేసరికి 320. కూర్చుని ఏడ్చాను. డాక్టరుగారు మాత్రం నా నోట్‌బుక్ చూసి "అన్నీ రాసుకున్నారుగా, మంచిదే" అన్నారు.

ధైర్యం ఇడ్లీల లెక్కతో వచ్చింది. మా ఇంటి ఇడ్లీకి షుగర్ ఎంత పెరుగుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు, రాసుకుంటూ పోతేనే తెలుస్తుంది (అత్తగారి ఇడ్లీ పెద్దది, అక్కడ నా లెక్క ఎప్పుడూ తప్పుతుంది). ఇక "స్వీట్లు ఎక్కువ పెట్టారా" అనే చుట్టాలకి, ఇది తీపి తింటే వచ్చేది కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

మొన్న మా ఆయన ఒక్కరే పాపని తీసుకుని రెండ్రోజులు ఊళ్లో పెళ్లికి వెళ్లారు. ఆరుసార్లు ఫోన్ చేశాను. ఏడోసారి పాపే ఎత్తి "112 ఉందమ్మా, ఇంక పెట్టెయ్" అంది.