పచ్చగా కనిపిస్తే సరిపోతుందా?

మొన్న మీటింగ్‌లో మా టీమ్ లీడ్ అందరి ముందే అనేశాడు, "ఇక్కడ అనుమానాలు వద్దు, అంకెలుంటే చెప్పు" అని. జర్మనీలో ఏదైనా మొహం మీదే చెప్పడం మామూలే, అందులో కోపం ఉండదని నాకు తెలుసు. అయినా ఆ మాట మింగుడుపడటం లేదు, ఎందుకంటే నేను చెప్పింది అనుమానం కాదు.

మేం స్టీల్ షీట్‌ను ప్రెస్‌లో నొక్కి చేయబోయే భాగానికి కంప్యూటర్ సిమ్యులేషన్‌లో షీటంతా పచ్చగా వచ్చింది, అంటే ప్రతిచోటా సాగుదల ఫార్మింగ్ లిమిట్ కర్వ్‌కు, అంటే షీట్ ఎంతవరకు సాగొచ్చో చూపే గీతకు, కిందే ఉంది. నేనన్నది ఒక్కటే: కోసిన అంచు సాగే చోట పగులుతుంది, ఒకసారి చూడండి అని.

అసలు ఆ కర్వ్ ఎక్కడిది? 1960ల్లో కీలర్, గుడ్‌విన్ షీట్ల మీద చిన్న చిన్న వలయాలు ముద్రించి, ప్రెస్‌లో నొక్కాక అవి ఎంత సాగాయో కొలిచి గీసింది. ఇప్పుడు నకజిమా పరీక్షలో 100 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో రకరకాల వెడల్పుల ముక్కలు నొక్కి తీస్తారు. అది చెప్పేది షీట్ ఒకచోట సన్నబడి నెక్ పడే హద్దు, పగిలే హద్దు కాదు. మెత్తటి స్టీల్‌లో ముందు నెక్, తర్వాతే చీలిక, కాబట్టి ఇన్నేళ్లూ దానితోనే పని జరిగిపోయింది. మాది డ్యూయల్ ఫేజ్ స్టీల్. మెత్తటి ఫెర్రైట్, గట్టి మార్టెన్‌సైట్ కలిసి ఉంటాయి. పంచ్‌తో కోసినప్పుడే అంచులో ఆ రెండింటి మధ్య కంటికి కనపడని పగుళ్లు పడతాయి, ఆ తర్వాత సాగదీస్తే నెక్ పడకుండానే చీలిపోవచ్చు. పైగా నకజిమాలో ముక్క అంచులో పగిలితే ఆ పరీక్షే చెల్లదు! మరి అంచు సంగతి ఆ కర్వ్‌ను అడిగితే ఏం చెబుతుంది?

ట్రయల్ ముక్క పగల్లేదు కదా అన్నారు. అది లేజర్‌తో కోసిన ముక్క. ప్రొడక్షన్‌లో పంచ్‌తో కోస్తారు, ఆ పంచ్ మొద్దుబారేకొద్దీ బర్, అంటే కోసిన అంచున మిగిలే గరుకు పొడుపు, పెరుగుతుంది. ఆ ముక్క టేబుల్ మీదే ఉంది, ఒక్కరూ చేతిలోకి తీసుకోలేదు.

అనంతపురంలో నేను పని నేర్చుకున్న చిన్న వర్క్‌షాపులో కర్వులూ సాఫ్ట్‌వేర్లూ లేవు. కానీ కుర్రోడు ఏదైనా అంటే మేస్త్రీ లేచొచ్చి, "యాడబ్బీ, చూపించు" అని అంచు మీద వేలు పెట్టి చూసేవాడు. అంకెలు అడగడం తప్పని నేననను, అవి లేక అక్కడ ఎంత షీట్ స్క్రాప్‌కు పోయేదో నేనే చూశాను. కానీ ఏ అంకె అడగాలో తెలియాలి కదా.

పెనుకొండ దగ్గర కియా కార్లు 2019లో బయటికి రావడం మొదలైంది, అప్పటికే నేనిక్కడ ఉన్నాను. ఆ ఫ్యాక్టరీ కాస్త ముందొచ్చి ఉంటే అసలు ఇక్కడికి వచ్చేవాణ్ని కాదేమో. అక్కడ పనిచేసే మా పిన్నమ్మ కొడుకు ఫోన్‌లో, "ఊరికే మనసుకు తీసుకోవద్దన్నా, వచ్చెయ్" అంటాడు.

ఇప్పుడైతే స్టీల్ సప్లయర్‌ను హోల్ ఎక్స్‌పాన్షన్ విలువ అడిగాను. పంచ్‌తో కొట్టిన 10 మిల్లీమీటర్ల రంధ్రాన్ని కోన్‌తో పగులు వచ్చేదాకా వెడల్పు చేసి తీసే అంకె అది. రాగానే మళ్లీ మీటింగ్ పెట్టిస్తాను.