జీరో టికెట్

బెంగళూరు సిల్క్‌బోర్డ్ దగ్గర బస్సు ఇరవై నిమిషాలుగా కదల్లేదు. పక్క సీట్లో మదనపల్లె అక్క, ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్‌ను చిన్నగా మడిచి గాజుల మధ్య దోపుకుంది.

"ముందు మా వీధిలోనే రెండిళ్లలో పని చేస్తాంటి సార్. ఇప్పుడు బస్సు ఫ్రీ గదా, కోరమంగలలో ఎక్కువిచ్చే ఇల్లు పట్టుకుంటి."

2023 జూన్‌లో కర్ణాటకలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం మొదలైనప్పటి నుంచి దాని ఖర్చు గురించే వాదించుకుంటున్నాం. దాని మీద నేను రాస్తున్న పరిశోధన పేపర్ డ్రాఫ్టులోనూ 'పనిలో ఉన్నారా, లేదా' అన్న ఒక్క కాలమ్ మాత్రమే ఉంది. ఈ అక్క అప్పుడూ పనిలోనే ఉంది, ఇప్పుడూ ఉంది. నా లెక్కలో మార్పు సున్నా. ఆమెకేమో ఇల్లు ఎంచుకునే వీలొచ్చింది. ఎంత పెద్ద మార్పు అది!

ఈ రాత్రే సర్వే ప్రశ్నలు మళ్లీ రాస్తున్నా. మొదటి ప్రశ్న: పని కోసం ఎంత దూరం వెళ్తున్నారు?