తాళంచెవి ఎవరిది?

నా కథ ఒకటి పత్రికలో అచ్చయిన వారానికి, ముప్పై ఏళ్ళుగా నాకు ఆత్మీయుడైన ఒక కథకుడు ఫోన్ చేసి, "మా నాన్న తాళంచెవితో నీకేం పని?" అని అడిగాడు. ఎప్పుడో ఆసుపత్రి వరండాలో మేమిద్దరం రాత్రంతా మేలుకొని ఉండవలసి వచ్చినప్పుడు అతను చెప్పిన సంగతి అది: అప్పులపాలై బట్టలకొట్టు మూసేసిన తర్వాత కూడా వాళ్ళ నాన్నగారు ఆ కొట్టు తాళంచెవిని పోయేదాకా మొలతాడుకు కట్టుకునే తిరిగారట. నేను కథలో ఊరు మార్చాను, బట్టలకొట్టును ప్రింటింగ్ ప్రెస్సు చేశాను, పేర్లు సరేసరి. మొలతాడునూ తాళంచెవినీ మాత్రం ముట్టుకోలేదు, అవి లేకపోతే కథే లేదు గనుక.

నన్ను సమర్థించుకోవడానికి రష్యన్ కథకుడు చెహోవ్‌ను అడ్డం పెట్టుకున్నాను. 1892 జనవరిలో ఆయన ప్రచురించిన "పొప్రిగున్యా" (గంతులు వేసే మనిషి అని ఆ మాటకు అర్థం) కథలో ఓల్గా ఇవానొవ్న అనే ఇరవై రెండేళ్ళ ఇల్లాలు, డాక్టరైన భర్తను పట్టించుకోకుండా కళాకారుల చుట్టూ తిరిగి ఒక చిత్రకారుడికి దగ్గరవుతుంది. గొంతులో పొర కట్టి ఊపిరాడనివ్వని డిఫ్తీరియా జబ్బు వచ్చిన పిల్లవాడికి వైద్యం చేస్తూ అదే జబ్బు సోకి భర్త చనిపోయేవరకు అతని విలువ ఆమెకు తెలియదు. ఆ రోజుల్లో మాస్కోలో సోఫియా కువ్షిన్నికోవా అనే ఆవిడ బొమ్మలు వేసేది, ఆమె భర్త డాక్టరు, ఆమె సన్నిహితుడు చిత్రకారుడు లెవితాన్, లెవితానేమో చెహోవ్‌కు ప్రాణమిత్రుడు. ఇంక చెప్పేదేముంది! లెవితాన్ ద్వంద్వయుద్ధానికే సిద్ధపడ్డాడంటారు. దాదాపు మూడేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఏప్రిల్‌లో రచయిత్రి అవిలోవాకు రాసిన ఉత్తరంలో చెహోవ్, నలభై రెండేళ్ళ ఆవిడ తన ఇరవయ్యేళ్ళ నాయికలో తనను చూసుకుందనీ, పోలికలన్నీ పైపైవేననీ తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆ మాటనే నేనూ ఫోన్‌లో అప్పజెప్పాను. నా మిత్రుడు కాసేపు ఊరుకుని, "వయసు మార్చినాయన భర్త వృత్తిని ఎందుకు మార్చలేదు?" అన్నాడు. జవాబు నాకు తెలుసు. పరాయి పిల్లవాడి గొంతులోని పొరను గొట్టంతో పీల్చి ప్రాణం పోగొట్టుకోవాలంటే ఆయన డాక్టరే కావాలి. అక్కరలేనివి మార్చి, అక్కరకు వచ్చేవి అట్టేపెట్టుకుంటాం. లోకం గుర్తుపట్టేది ఆ అట్టేపెట్టుకున్నవాటితోనే. పైగా అసలు భర్త మాస్కోలో బతికి ఉండగానే కథ ఆయనను మహాత్ముణ్ణి చేసి చంపి, ఆ నేరాన్ని భార్య నెత్తిన పెట్టింది. కథ గొప్పది, ఉత్తరం మాత్రం నిజాయితీగా రాసినది కాదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

నా మిత్రుడి అసలు బాధ నేను అనుకున్నది కాదు. "ఇరవై ఏళ్ళుగా దాన్ని రాయాలని చూస్తున్నాను, చేతకాలేదు. ఇప్పుడు రాస్తే నీ దగ్గర తీసుకున్నానంటారు," అన్నాడు. నా కథ చివర తండ్రి ఆ తాళంచెవిని గోదావరిలోకి విసిరేస్తాడు. ఆ ముగింపు అందరూ మెచ్చుకున్నారు. "మా నాన్న పారేయలేదు. శ్మశానానికి తీసుకెళ్ళే ముందు మొలతాడు తెంపితే, అమ్మ తీసి దాచుకుంది. నీ కథ అమ్మ కూడా చదివింది," అని ఫోన్ పెట్టేశాడు.

1895 జనవరిలో శ్చేప్కినా-కుపెర్నిక్ అనే యువ రచయిత్రి లెవితాన్‌ను వెంటబెట్టుకుని మెలిహొవోలోని చెహోవ్ ఇంటికి వెళ్ళింది. ఇద్దరూ చేతులు కలిపి, ఏమీ జరగనట్టే మామూలు కబుర్లలో పడ్డారట. కువ్షిన్నికోవాతో మాత్రం ఆ స్నేహం మళ్ళీ అతకలేదు.

నా కథల సంపుటి ప్రూఫులు వచ్చినప్పుడు నేను ఆ కథ తీసేశాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు, చెబితే నా మంచితనం చాటుకున్నట్టు ఉంటుంది. పత్రిక ఏది చేతికొచ్చినా ముందు విషయసూచిక తీసి, అతని పేరు ఉందేమోనని చూస్తున్నాను.