సీనియర్ రిప్కెన్

అమెరికాలోని బాల్టిమోర్‌లో బేస్‌బాల్ మాటెత్తితే కాల్ రిప్కెన్ జూనియర్ పేరు రాకుండా ఉండదు. ఒక్క ఆటా మానకుండా వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడినవాడు మరి. మా ఆఫీసులో పెద్దవాళ్లు ఆ అంకె చెప్పేటప్పుడు గొంతే మారిపోతుంది. నా ధ్యాస మాత్రం వాళ్ల నాన్న మీద. మా నాన్న డ్రిల్లు మాస్టారు కావడం వల్లేమో. ఆయన పనిచేసే హైస్కూల్లోనే చదివాను. బడి గేటు దాటితే ఆయన్ని "సార్" అనాలి. ఖోఖో జట్టులో చోటు కావాలంటే మిగతావాళ్ల కంటే బాగా ఆడాలి, సమానంగా ఆడితే చాలదు.

కాల్ రిప్కెన్ సీనియర్‌ది మేరీలాండ్‌లోని అబెర్డీన్. 1957లో క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడిగా, బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ సంస్థలో చేరారు. భుజం దెబ్బతింది, అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1961 నుంచి కింది లీగుల్లో జట్లని నడిపారు. ఆషెవిల్, రోచెస్టర్ అంటూ భార్యనీ నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని ఊళ్లు తిరగడమే. శనివారం పొద్దున్నే పిల్లలకి ఆట నేర్పడానికి బయల్దేరితే జూనియర్ కూడా లేచి వెంటపడేవాడట. ఆట మీద మోజుతో కాదు, దారి పొడవునా కారులో నాన్న తన ఒక్కడికే దొరుకుతాడని. ఈ సంగతి అతనే చెప్పుకున్నాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. మంచు తోసే ట్రాక్టరుని హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తుంటే ఆ హ్యాండిల్ ఎగిరి నాన్న నుదురు చీల్చింది. ఆయన దానికేదో చుట్టుకుని మంచు తోయడం పూర్తి చేశారు. ఇది మెచ్చుకోవాల్సిన పనేనా అని నాకు అనుమానమే. మా అమ్మయితే తిట్టి ఆసుపత్రికి లాక్కెళ్లేది.

1987లో ఆయన ఓరియోల్స్‌కి మేనేజర్ అయ్యారు. అంటే ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో ఆయన చేతిలో పని. జులైలో చిన్నకొడుకు బిల్లీ కూడా జట్టులోకి వచ్చాడు. మేజర్ లీగ్‌లో ఇద్దరు కొడుకులకి ఒకేసారి మేనేజర్‌గా ఉన్న మొదటి తండ్రి ఆయనే. సెప్టెంబరు 14న టొరంటోలో జట్టు 18-3తో చిత్తుగా ఓడుతోంది. బేస్‌బాల్‌లో మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు; జూనియర్ అప్పటికి ఒక్కటీ వదలకుండా వరసగా 8,243 ఇన్నింగ్స్‌లు ఆడాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో తండ్రి అతన్ని కూర్చోబెట్టేశారు. ఆ అంకె కొడుకు నెత్తిన బరువవుతోందని ఆయన లెక్క. ఆ రోజు కూడా ఆటలోకి దిగాడు కాబట్టి మ్యాచ్‌ల వరస మాత్రం తెగలేదు. నన్నడిగితే ఆయన కెరీర్లో గట్టి నిర్ణయం ఇదే. కన్నకొడుకు రికార్డుని తన చేత్తో ఆపడానికి ఎంతమందికి మనసొస్తుంది?

1988 సీజను మొదట్లో ఆరు మ్యాచ్‌లు ఓడగానే ఆయన్ని తీసేశారు. ఫ్రాంక్ రాబిన్సన్‌ని పెట్టారు. ఆ తర్వాత జట్టు ఇంకో 15 ఓడింది, మొత్తం వరసగా 21. తప్పంతా ఆయనదే అయితే ఇదెక్కడి లెక్కో! కొడుకులిద్దరూ అదే జట్టులో ఆడుతూనే ఉన్నారు. బిల్లీ తన 3వ నెంబరు చొక్కా వదిలేసి నాన్న వేసుకున్న 7వ నెంబరు తీసుకున్నాడు.

మరుసటి ఏడాది సీనియర్ మళ్లీ వచ్చారు, తన స్థానంలోకి వచ్చిన రాబిన్సన్ కిందే థర్డ్ బేస్ కోచ్‌గా, అంటే మూడో బేస్ దగ్గర నిలబడి పరిగెత్తేవాళ్లకి సైగలు చేసే కోచ్‌గా. 1992 దాకా ఆ పని చేశారు. 7వ నెంబరు మాత్రం తిరిగి అడగలేదు, అది బిల్లీ దగ్గరే ఉండిపోయింది.