ఆరో వారం టీకా నాడు తల్లికీ ఒక పరీక్ష

బిడ్డ టీకా కార్డును బీరువాలో నగలతో పాటు దాచే ఇళ్లలోనే తల్లి కాన్పు ఫైలు మాత్రం అటకెక్కుతుంది. ఆమె రాబోయే ఇరవై ముప్పై ఏళ్ల ఆరోగ్యానికి ముందస్తు హెచ్చరిక ఆ ఫైలులోనే ఉండవచ్చు.

గర్భంతో ఉండగా మధుమేహం వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు, రానివారితో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. గర్భంతో ఉండగా బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెట్టింపవుతుంది. గర్భానికి ముందే బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఈ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. మన భారతీయులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే సూచిక) 23 నుంచే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం కింద లెక్క.

మా చెల్లెలికి ఏడో నెలలో, గ్లూకోజు తాగిన రెండు గంటలకు షుగరు 168 వచ్చింది. 140 చేరితేనే గర్భకాల మధుమేహం అంటారు. కాన్పు కాగానే ఇన్సులిన్ ఆపేశారు. “కాన్పుతోనే పోయిందిలే” అని ఇంట్లో పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. మావి పడిపోయాక ఇన్సులిన్‌కు అడ్డుపడే హార్మోన్లు తగ్గుతాయి గనక షుగరు దిగిన మాట నిజమే, కానీ ఆ భారాన్ని మోయలేకపోయిన, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం మారలేదు కదా!

ఇద్దరి కోసం తినమనే ఆప్యాయతను నేను తప్పుపట్టను. అయితే మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి రోజుకు అదనంగా సూచించేది 350 కిలో క్యాలరీలే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 అదనం కాబట్టి, బరువు తగ్గాలని బాలింత కడుపు మాడ్చుకోవడమూ సరికాదు. పాలివ్వడం వల్ల మధుమేహం ముప్పు కొంత తగ్గుతుంది కూడా.

బిడ్డకు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల నుంచి కాపాడే టీకా) తొలి మోతాదు వేయించేది ఆరో వారంలో. గర్భంలో షుగరు వచ్చిన తల్లి 75 గ్రాముల గ్లూకోజుతో మళ్లీ పరీక్ష చేయించుకోవలసిన సమయమూ అదే. కాన్పులో రక్తం పోయి ఉంటుంది కనుక అప్పట్లో మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఫలితాన్ని నమ్ముకోలేము. ఆ రెండు గంటలూ బిడ్డను అత్తగారో భర్తో ఎత్తుకుంటే పని జరిగిపోతుంది. ఫలితం మామూలుగా వచ్చినా ఏడాదికోసారి, కనీసం మూడేళ్లకోసారి పరీక్ష తప్పదు. ఇక ముందు ఏ డాక్టరు దగ్గరికి, మోకాళ్ల నొప్పికి వెళ్లినా సరే, “కాన్పప్పుడు షుగరు వచ్చిందండీ” అని వారు అడగకముందే చెప్పాలి.